అతివాహక నానో నిర్మాణాలు – ఉపరితల శుభ్రత



భౌతిక శాస్త్రంలో ఏ ప్రయోగ ఫలితాన్ని చూచినను మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఈ కొలత మనం పరిశీలింపదలచిన పదార్థాన్ని గురించి చెప్పుచున్నదా, లేక దానిపై పేరుకొనిన మలినాన్ని గురించి చెప్పుచున్నదా? గజం బద్దతో బల్ల పొడవును కొలుచువారికి ఈ ప్రశ్నతో పని లేదు. బల్లమీద దుమ్ము ఉన్నను పొడవు మారదు. కాని పరమాణువులను ఒక్కొక్కటిగా చూడబూనిన శాస్త్రజ్ఞునికి ఇదే మొదటి ప్రశ్న, ఇదే కడపటి ప్రశ్న.

నూజివీడు ప్రాంతపు రైతుకు ఈ విషయం కొత్త కాదు. మామిడికాయ తొడిమె విరిగినచో సొన చిమ్మి తొక్కమీద పడును. పడినచోట నల్లని మచ్చ ఏర్పడును. ఆ తరువాత ఎంత కడిగినను మచ్చ పోదు. అందుచేత అనుభవం గల కోతగాడు మచ్చను కడుగు ఉపాయం వెదకడు. కాయను తొడిమెతో కోసి, సొన తొక్కకు అంటకుండ జాగ్రత్తపడును. మాసిన తరువాత కడుగుట వేరు, మాయకుండ కాపాడుట వేరు. అతివాహక నానో నిర్మాణాల తయారీలో నేటి శాస్త్రజ్ఞులు పడుచున్న శ్రమ అంతయు ఈ రెండింటి మధ్య గల భేదం చుట్టునే తిరుగుచున్నది. ఆ శ్రమ ఏమిటో, దాని అవసరం ఏమిటో సులభంగా వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

అతివాహకత్వం

లోహాలలో విద్యుత్తు ప్రవహించునపుడు కొంత నిరోధం ఉండును. ఆ నిరోధం వలననే తీగె వేడెక్కును. హాలెండు దేశంలోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఆన్స్ అను శాస్త్రజ్ఞుడు 1908లో హీలియం వాయువును ద్రవంగా మార్చగలిగెను. ఆ ద్రవం సహాయంతో అత్యల్ప ఉష్ణోగ్రతల వద్ద లోహాల నిరోధం ఏమగునో పరీక్షింపసాగెను. మొదట ప్లాటినం, బంగారం తీసుకొన్నప్పుడు నిరోధం తగ్గినది కాని పూర్తిగా పోలేదు. మిగిలిన నిరోధానికి లోహంలోని మలినాలే కారణమని ఆయన భావించెను. అప్పుడు పాదరసాన్ని ఎన్నుకొనెను. పాదరసాన్ని మరిగించి ఆవిరిగా మార్చి, మరల చల్లార్చి, మిక్కిలి శుద్ధం చేయవచ్చును. 1911లో ఆ శుద్ధ పాదరసపు నిరోధం సుమారు 4.2 కెల్విన్ వద్ద, అనగా సుమారు మైనస్ 269 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, హఠాత్తుగా కొలతకు అందనంతగా మాయమైనది. ఇదియే అతివాహకత్వం. ఈ శాస్త్రం జన్మకే శుద్ధి కారణమైనదని గమనింపుడు.

అతివాహకంగా మారు ఉష్ణోగ్రతను సందిగ్ధ ఉష్ణోగ్రత అందురు. అల్యూమినియంకు ఇది 1.2 కెల్విన్, సీసానికి 7.2 కెల్విన్, నయోబియంకు 9.2 కెల్విన్. ఈ స్థితిలో ఎలక్ట్రాన్లు జంటలుగా కూడి సంచరించునని బార్డీన్, కూపర్, ష్రీఫర్ అను ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులు 1957లో సిద్ధాంతీకరించిరి. ఒక జంటను విడదీయవలెనన్న కొంత కనీస శక్తి కావలెను. అందువలన అతివాహకంలో ఒంటరి ఎలక్ట్రాన్లకు కొన్ని శక్తులు నిషిద్ధములు. దీనిని శక్తి అంతరం అందురు. అతివాహక స్థితి ఎంత దృఢంగా ఉన్నదో ఈ అంతరమే చెప్పును.

పరమాణువును తడుము సూది

పరమాణువు ఎంత చిన్నదో ఊహించుటకు ఒక ఉపమానం. ఒక రసం పండును భూగోళమంత పెద్దదిగా పెంచినామనుకొందము. అప్పుడు అందులోని ఒక్కొక్క పరమాణువు నిమ్మకాయంత ఉండును. ఇంత సూక్ష్మమైన వస్తువును మామూలు కాంతితో చూడలేము. కాంతి తరంగం పరమాణువు కంటె వేల రెట్లు పొడవైనది.

1981లో స్విట్జర్లాండులోని జూరిచ్ సమీపాన గల ఐబీఎం ప్రయోగశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిష్ రోరర్ అనువారు వేరొక మార్గం కనుగొనిరి. గ్రుడ్డివాడు వ్రేలితో తడిమి అక్షరాలు చదివినట్లు, మొనలో ఒక్క పరమాణువు వరకు సన్నగిలిన లోహపు సూదితో ఉపరితలాన్ని తడుముటయే ఆ మార్గం. సూది తాకదు. సుమారు ఒక నానోమీటరు, అనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు, ఎడంలో నిలుచును. మధ్యలో తీగె లేకపోయినను ఎలక్ట్రాన్లు ఆ ఎడాన్ని దాటును. గోడను ఎక్కి దాటక గోడలో సొరంగం త్రవ్వినట్లు దాటును కనుక దీనిని సొరంగ ప్రవాహం అందురు. ఎడం నానోమీటరులో పదవ వంతు పెరిగినచో ప్రవాహం సుమారు పదవ వంతుకు పడిపోవును. కనుక ఒక్క పరమాణువు ఎత్తుపల్లం కూడ స్పష్టంగా తెలియును. ఈ క్రమవీక్షణ సూక్ష్మదర్శినికి 1986లో నోబెల్ బహుమానం లభించినది.

ఈ యంత్రం ఆకారాన్ని మాత్రమే చూపునది కాదు. సూదికిని పదార్థానికిని మధ్య వోల్టేజీని మార్చుచు ప్రవాహాన్ని కొలిచినచో ఆ ఒక్క బిందువు వద్ద శక్తి అంతరం ఎంతయో తెలియును. సొరంగ ప్రవాహంతో శక్తి అంతరాన్ని కొలుచు పద్ధతిని 1960లోనే ఐవార్ గియేవర్ చూపియుండెను. ఆయన అల్యూమినియం పొరను కావాలనే గాలిలో ఆక్సీకరణం చెందనిచ్చి, ఆ ఆక్సైడునే సొరంగపు గోడగా వాడి, దానిపై సీసపు పొర వేసెను. అక్కడ ఆక్సైడు మిత్రుడు. సూదితో చూచునపుడు అదే ఆక్సైడు శత్రువు. సూదికిని లోహానికిని మధ్య ఉండవలసినది శూన్యమే గాని మరేమియు కారాదు.

శూన్యం అనగా ఎంత శూన్యం?

శూన్యాన్ని ఉర్దూలో ఖలా అందురు. తెలుగైనను ఉర్దూ అయినను ఈ పదం "ఏమియు లేదు" అను భావాన్ని ఇచ్చును. ప్రయోగశాలలో "ఏమియు లేదు" అనునది ఎన్నడును ఉండదు. ఎంత తక్కువ ఉన్నది అనునదే ప్రశ్న. ఇచ్చట ఒక చిన్న లెక్క విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

మన చుట్టును గల గాలి పీడనం 760 టార్లు. పీడనాన్ని టారులో పది లక్షలవ వంతుకు తగ్గించినను, తాకిన ప్రతి అణువు అంటుకొన్నచో, శుభ్రమైన ఉపరితలంపై ఒక అణువు మందం గల పొర సుమారు ఒక సెకనులో ఏర్పడును. పీడనాన్ని ఇంకను పది వేల రెట్లు తగ్గించినచో, అనగా టారులో వెయ్యి కోట్లవ వంతుకు తెచ్చినచో, అదే పొర ఏర్పడుటకు పది వేల సెకనులు, అనగా దాదాపు రెండు గంటల ముప్పాతిక పట్టును. మామూలు గాలిలోనైతే సెకనులో వంద కోట్లవ వంతు చాలును. రెప్పపాటులో కోట్ల సార్లు మాసిపోవు కాలం ఉన్నదన్నమాట.

కావుననే సూక్ష్మదర్శినిని ఉక్కు గదిలో ఉంచి, ఆ గదిని ఒక రోజు లేక అంతకు మించి సుమారు 150 డిగ్రీల వేడిలో కాచి, గోడలకు అంటిన తేమను వెడలగొట్టి, పంపులతో లోపలి గాలిని తోడివేయుదురు. దీనిని అత్యధిక శూన్యం అందురు.

ఉష్ణోగ్రత విషయం కూడ ఇట్టిదే. సీసపు శక్తి అంతరంలో సగం సుమారు 1.35 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. ద్రవ హీలియం ఉష్ణోగ్రతయైన 4.2 కెల్విన్ వద్ద వేడిమి వలన కలుగు మసక దాదాపు అంతే ఉండును. చూడదలచినదెంతో మసక అంత. అందుచేత ఒక కెల్విన్ కంటె తక్కువకు పోవుట మేలు.

నానో నిర్మాణం ఎందుకు?

పెద్ద లోహపు ముద్దలో అతివాహకత్వం ఎట్లుండునో చాలవరకు తెలిసినదే. అదే లోహాన్ని వంద నానోమీటర్ల వెడల్పు గల చుక్కగా, తీగెగా, ఉంగరంగా మలచినచో క్రొత్త ప్రవర్తన కనబడును. అయస్కాంత క్షేత్రం కొన్ని అతివాహకాలలో సన్నని సుడులుగా చొచ్చుకొనిపోవును. 1989లో బెల్ ప్రయోగశాలలోని హెరాల్డ్ హెస్, ఆయన సహచరులు నయోబియం డైసెలినైడ్ అను స్ఫటికంలో ఈ సుడులను సూదితో చిత్రించిరి. 2011లో పారిస్ శాస్త్రజ్ఞులు అతి చిన్న సీసపు దీవులలో అట్టి సుడులు ఇరుకున పడి, ఒకదానిలో ఒకటి కలసి మహా సుడిగా మారుటను చూపిరి. పెద్ద ముద్దలో సుడులు ఒకదానినొకటి నెట్టుకొని దూరంగా నిలుచును. ఇరుకులో మాత్రమే కలిసిపోవును. ఇరుకు లేనిదే ఈ విశేషం తెలియదు. ఇరుకు కావలెనన్న నానో నిర్మాణం కావలెను.

మూడు మార్గాలు

మొదటిది లేపన మార్గం. పూర్వం కోరమాండల్ తీరపు అద్దకంలో నీలిరంగు అంటకూడని చోట మైనం పూసి, రంగు వేసిన తరువాత మైనాన్ని కరిగించి తీసివేసెడివారు. ఎలక్ట్రానిక్ పరిశ్రమలో చేయునదియు ఇంచుమించు ఇదియే. ఫలకమంతటను ప్లాస్టిక్ వంటి లేపనం పూసి, ఎలక్ట్రాన్ కిరణంతో దానిపై ఆకారం వ్రాసి, కిరణం తాకిన భాగాన్ని ద్రావకంలో కరిగించి, పైన లోహపు ఆవిరి పట్టించి, చివరకు మిగిలిన లేపనాన్ని ఎసిటోన్‌లో కరిగింతురు. ఏ ఆకారమైనను తీయవచ్చును. పది, ఇరువది నానోమీటర్ల గీతలు కూడ సాధ్యమే. కాని లేపనం పూర్తిగా పోదు. ఒకటి రెండు నానోమీటర్ల పలుచని పొర అంటిపెట్టుకొని యుండుట మామూలు. పైగా ద్రావకంలో ముంచుట, గాలిలో ఆరబెట్టుట తప్పవు. ఆ లోపల లోహం ఆక్సీకరణం చెందును.

ఆ మురికిని తరువాత తీయరాదా అని మీరు అడుగవచ్చును. ఆర్గాన్ అయాన్లతో కొట్టినచో మురికితో బాటు లోహపు పరమాణువుల అమరిక కూడ చెడును. గట్టిగా వేడిచేసినచో కొన్ని మలినాలు ఎగిరిపోవును గాని, నయోబియం ఉపరితలాన్ని ఆక్సిజన్ లేకుండ చేయుటకు 2000 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడి కావలెను. మందమైన స్ఫటికం ఆ వేడికి తాళగలదు. పలుచని నానో నిర్మాణం తాళలేదు. సొన మచ్చను గీకబోయి తొక్కను ఒలిచినట్లగును.

రెండవది సహజ మార్గం. శుభ్రపరచిన సిలికాన్ ఫలకంపై అత్యధిక శూన్యంలో సీసపు ఆవిరిని పట్టించినచో సీసం తనంతట తానే చదునైన దీవులుగా కూడుకొనును. పైన చెప్పిన పారిస్ ప్రయోగం ఇట్టి దీవులపై జరిగినదే. శుభ్రతకు లోటు లేదు. కాని ఆకారం మన చేతిలో ఉండదు. ఉంగరం కావలెనన్నను, రెండు దీవుల మధ్య సన్నని వంతెన కావలెనన్నను, దొరికినదానితో తృప్తిపడవలసినదే.

మూడవది చిల్లుల రేకు మార్గం. మామిడి పండ్ల పెట్టెలపై వ్యాపారి పేరు వేయుటకు అక్షరాలు కత్తిరించిన రేకును అదిమి, పైన రంగు పూయుదురు. రేకు తీయగానే పేరు నిలుచును. ఇచ్చట రేకు బదులు సిలికాన్ నైట్రైడ్ అను పదార్థపు అతి పలుచని పొర, అక్షరాల బదులు నానోమీటర్ల చిల్లులు, రంగు బదులు లోహపు ఆవిరి. పనియంతయు శూన్యంలోనే జరుగును. లేపనం లేదు, ద్రావకం లేదు, గాలి లేదు. రేకును ప్రక్కకు జరిపి ఫలకాన్ని ఆ శూన్యంలోనే సూది క్రిందికి చేర్తురు. మాయకుండ కాపాడుట అనగా ఇదియే.

రేకు మార్గంలోని చిక్కులు

ఈ మార్గం చెప్పుటకు సులభం, చేయుటకు కష్టం. ముఖ్యమైన చిక్కులు నాలుగు కలవు.

ఒకటి, అంచుల మసక. పిండి ముగ్గు వేయు చిల్లుల రేకును నేలకు ఆనించి పట్టినచో గీత పదునుగా వచ్చును. ఎత్తి పట్టినచో అలుముకొనును. దీని లెక్క ఇట్లు: మసక వెడల్పు కనుగొనుటకు ఆవిరి వచ్చు మూలపు వెడల్పును, రేకుకు ఫలకానికి మధ్య గల ఎడంతో గుణించి, మూలానికి రేకుకు మధ్య గల దూరంతో భాగింపవలెను. మూలం 5 మిల్లీమీటర్లు, దూరం 200 మిల్లీమీటర్లు, ఎడం ఒక మైక్రోమీటరు అనుకొందము. మసక 25 నానోమీటర్లు వచ్చును. ఎడం పది మైక్రోమీటర్లైనచో మసక 250 నానోమీటర్లు. వంద నానోమీటర్ల చుక్క వేయదలచినవానికి ఇది పూర్తిగా చెడినట్లే. రేకును ఆనించినచో మసక తగ్గును గాని రాపిడి వలన ఫలకం చెడవచ్చును.

రెండు, సంచారం. వాలిన లోహపు పరమాణువులు వాలినచోటనే నిలువవు. సీసం వంటి లోహాలు సాధారణ ఉష్ణోగ్రతలో ఉపరితలంపై ప్రాకి ముద్దలుగా కూడుకొనును. ఫలకాన్ని చల్లార్చి ఈ ప్రాకుటను ఆపుదురు. మరీ చల్లార్చినచో పరమాణువులు క్రమంగా అమరుటకు వీలుండదు. మధ్య మార్గం వెదకవలెను.

మూడు, సున్నా చిక్కు. రేకులో నిండు సున్నాను కత్తిరింపబోయినచో నడిమి బిళ్ల ఊడి క్రింద పడును. పెట్టెలపై పేర్లు వేయు రేకులను చూడుడు. సున్నా నడుమ చిన్న పట్టీలు విడిచియుందురు. నానో ఉంగరాలకు కూడ అదే గతి. ఒకే రేకుతో పూర్తి ఉంగరం రాదు. రేకును జరిపి రెండు విడతలుగా వేయవలెను, లేదా ఆవిరిని వేరు వేరు కోణాలనుండి పంపవలెను. కోణం మార్చి నీడలను వాడుకొను నేర్పును 1977లో జెరాల్డ్ డోలన్ చూపెను. ఆయన నీడ వంతెన లేపనంతో చేసినదే యైనను, అతివాహక సంధులను చేయుటకు నేటికిని అదే ఊహ ఆధారం.

నాలుగు, వెదకులాట. ఫలకం కొన్ని మిల్లీమీటర్లు. దానిపై నిర్మాణం వంద నానోమీటర్లు. సూది ఒక్కసారి చూడగల మేర ఇంచుమించు ఒక మైక్రోమీటరు లేక కొన్ని మైక్రోమీటర్లు. వంద ఎకరాల తోటలో రాలిన ఒక్క పిందెను దీపంతో వెదకినట్లు. దారి చూపు గుర్తులు ముందే వేసియుండవలెను. ఫలకం విద్యుద్బంధకమైనచో మరియొక అపాయం కలదు. లోహపు అంచు దాటగానే ప్రవాహం ఆగిపోవును. ప్రవాహం లేదు కనుక ఎడం పెరిగినదని భ్రమించి యంత్రం సూదిని ఇంకను క్రిందికి త్రోయును. సూది ఫలకాన్ని గ్రుచ్చుకొని మొన విరిగిపోవును.

మన దేశంలో

ఈ పనియంతయు విదేశాలకే పరిమితమని భావింపరాదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ప్రతాప్ రాయ్‌చౌధురి బృందం వారు స్వయంగా నిర్మించిన సూక్ష్మదర్శినిని గూర్చి 2013లో ప్రకటించిరి. అది 350 మిల్లీ కెల్విన్ వరకు, అనగా మైనస్ 272.8 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చల్లబడును. 9 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో పనిచేయును. విద్యుద్బంధక ఫలకాలపై పెంచిన అతివాహక పొరలను గాలి తగలకుండ పరిశీలించుటకు వీలైన ఫలక పీఠాన్ని రూపొందించుట అందలి ప్రధానాంశం. స్ఫటికాన్ని శూన్యంలోనే చీల్చి తాజా ఉపరితలాన్ని చూచు ఏర్పాటు కూడ కలదు. నయోబియం డైసెలినైడ్ పరమాణువులను, నయోబియం నైట్రైడ్ పొరలలో శక్తి అంతరపు పటాలను వారు చూపిరి.

లోహ శుద్ధి విషయంలో మన తెలుగు నేలకు కూడ పాత్ర కలదు. హైదరాబాదులో 1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయంలో నయోబియం, టాంటలం వంటి అరుదైన లోహాలను శుద్ధంగా తయారుచేసిరి.

దీనివలన ప్రయోజనమేమి?

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ సంస్థలు కలసి అమరావతిలో 156 క్యూబిట్లు గల క్వాంటం కంప్యూటరును నెలకొల్పు సంకల్పాన్ని ప్రకటించినవి. ఆ యంత్రపు క్యూబిట్లు అతివాహక నిర్మాణాలే. క్యూబిట్ తన స్థితిని నిలుపుకొనగల కాలం మిక్కిలి స్వల్పం. ఆ కాలాన్ని హరించు వానిలో ముఖ్యమైనవి లోహపు ఉపరితలంపై గల ఆక్సైడు పొర, లేపనపు అవశేషం, వానిలోని లోపాలు. 2021లో ప్రిన్స్‌టన్ శాస్త్రజ్ఞులు నయోబియంకు బదులు టాంటలం వాడి, ఉపరితలాన్ని జాగ్రత్తగా శుద్ధిచేసి, ఆ కాలాన్ని సెకనులో పదివేలవ వంతులు మూడింటికి మించి పెంచగలిగిరి. మనకు అల్పంగా తోచును. గణన యంత్రానికి అది దీర్ఘాయువు.

ఏ లోపం ఎచ్చట ఉన్నదో, అది శక్తి అంతరాన్ని ఎట్లు చెరచుచున్నదో పరమాణువు స్థాయిలో చూపగల యంత్రం సూది యంత్రమే. అది నిజం చెప్పవలెనన్న చూడదగిన నిర్మాణం శుభ్రంగా ఉండవలెను. మురికి నిర్మాణాన్ని చూచి మురికిని గూర్చియే సిద్ధాంతం కట్టినచో శ్రమ వృథా, కొన్ని సమయములందు అపకీర్తి కూడ. క్వాంటం యుగం అనగా ప్రోగ్రాములు వ్రాయుట మాత్రమే అని మన యువకులు తలచుచున్నారు. పంపులు బిగించువాడు, లోహం శుద్ధిచేయువాడు, రేకులో చిల్లులు తీయువాడు లేనిదే ఆ ప్రోగ్రాములు నడుచు యంత్రమే లేదు. ఓర్పు, చేతిపని, లెక్క మూడును కలసిన ఈ విద్యకు మన ప్రాంతపు పిల్లలు ఏ విధంగాను తీసిపోరు.

నూజివీడుకు చేరువలోని ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతంగారు రామన్‌గారి శిష్యులై, 1931లో ఆయనతో కలసి కాంతి కణపు భ్రమణానికి ప్రయోగపూర్వక నిదర్శనం చూపిరి. స్ఫటికాల సౌష్ఠవంపై గ్రంథాలు వ్రాసిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ సంచాలకులుగా పనిచేసిరి. అదే ఉస్మానియా 1918లో స్థాపితమై, ఉర్దూ మాధ్యమంలో బోధన చేపట్టి, భౌతిక, రసాయన శాస్త్రాలకు దేశభాషలో పారిభాషిక పదాలు కల్పించినది. విజ్ఞానం మన భాషలలో ఇముడదను మాటకు ఆ చరిత్రయే సమాధానం. భాషను బోధించు అధ్యాపకుడనైన నేను ఈ శాస్త్ర విషయాన్ని తెలుగులో వ్రాయుటకు అదే ధైర్యం.

కళాశాల పాలక వర్గం వారికి ఒక మనవి. ఖరీదైన సూక్ష్మదర్శిని మనకు అందుబాటులో లేకపోవచ్చును. కాని ఒక చిన్న శూన్య పంపు, ఒక గాజు గంట, పీడనం కొలుచు సాధనం సమకూర్చినచో గాలి తీసిన పాత్రలో లోహపు పొర ఎట్లు పట్టునో, చిల్లుల రేకు ఎత్తు పెరిగినకొలది అంచు ఎట్లు చెదరునో విద్యార్థులు తమ కన్నులతో చూడగలరు. పై లెక్కను స్కేలుతో సరిచూడగలరు. విద్యార్థులకు చెప్పునది ఇంతే: ప్రయోగ పట్టికలో సంఖ్య వ్రాయుటకు ముందు, అది పదార్థపు మాటయో, మురికి మాటయో విచారింపుడు. ఆ విచారణ అలవడినవాడు ఏ ప్రయోగశాలకు వెళ్లినను రాణించును.